పాత ప్లేట్లలోంచి ఒక కొత్త ప్లేటు

ఒకప్పుడు విడివిడిగా వచ్చి, దుకాణాల్లో దొరక్కుండా పోయిన పాటలను ఏరి, శుభ్రం చేసి, ఒక వరస పెట్టి, ఎవరు పాడారో ఎవరు వాయించారో అట్ట మీద రాసి మళ్లీ వినైల్ రికార్డుగా అచ్చువేస్తే దాన్ని పునర్ముద్రణ సంకలనం అంటారు. జమైకా దేశపు రెగే, డబ్ సంగీతానికి ఈ పని జరిగినంత శ్రద్ధగా చాలా తక్కువ సంగీతాలకు జరిగింది. సొంత ఊళ్లోనే మరచిపోయిన గాయకులు ముప్పై ఏళ్ల తర్వాత లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో వచ్చిన సంకలనం వల్ల మళ్లీ వేదిక ఎక్కిన సందర్భాలు అక్కడ మామూలే.

ఇంట్లో పాత గ్రామఫోను ప్లేట్ల పెట్టె ఉన్న ఏ కుటుంబమైనా ఈ పనిని చిన్న ఎత్తున చేసుకోవచ్చు. చంద్రపూర్‌లోని బాబుపేట్ లాంటి పేటకు ఇది మరీ దగ్గరి విషయం. కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు పడి, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ దారిన నడవడం మొదలయ్యాక తెలుగు జిల్లాలకు చాందా (చంద్రపూర్ పాత పేరు) పొరుగూరు అయిపోయింది. బొగ్గు గనులకు, బల్లార్పూర్ కాగితం మిల్లుకు, రైల్వే పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు తమతో తెచ్చుకున్న సామానులో పాటలు కూడా ఉన్నాయి. ఆ పాటలు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ప్లేట్ల రూపంలోనే ఉంటాయి. పక్కింటి మరాఠీవాళ్లు వాటిని తబక్‌డీ అంటారు. తెలుగు ఇంట్లో అది ప్లేటే.

జమైకా వాళ్లు ఏం చేశారు

1950ల్లో కింగ్‌స్టన్ నగరంలో రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, మనిషెత్తు స్పీకర్లు బండికెక్కించుకుని వీధి నాట్యాలకు వెళ్లే బృందాలుండేవి. వాటిని సౌండ్ సిస్టమ్ అనేవారు. తెలుగు ఊళ్లలో పెళ్లికీ జాతరకూ వచ్చిన మైకు సెట్టు, చంద్రపూర్‌లో మండప్ డెకరేషన్ దుకాణం పంపే భోంగా లౌడ్‌స్పీకర్లు ఇదే జాతి. తేడా ఒక్కచోట వచ్చింది. మన మైకు సెట్టువాడు కొనుక్కొచ్చిన ప్లేటు వేసేవాడు. అక్కడ మాత్రం క్లెమెంట్ డాడ్, డ్యూక్ రీడ్ వంటి సౌండ్ సిస్టమ్ యజమానులు, ఎదుటి బృందం దగ్గర లేని పాట తమ దగ్గర ఉండాలన్న పంతంతో, సొంతంగా పాటలు రికార్డు చేయించడం మొదలుపెట్టారు. డాడ్ 1963లో తెరిచిన స్టూడియో వన్ ఆ పంతం నుంచి పుట్టిందే. స్కా అనే వేగమైన లయ 1966 ప్రాంతంలో నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. 1968కల్లా రెగే అయింది.

డబ్ పుట్టుక ఇంకా ఆసక్తికరం. చిన్న రికార్డుకు ఒక వైపు పాట ఉంటే, రెండో వైపు అదే పాట గొంతు లేకుండా వచ్చేది. దాన్ని ‘వర్షన్’ అనేవారు. నాట్యం దగ్గర మైకు పట్టుకున్నవాడు దాని మీద తన మాటలు కట్టేవాడు. కింగ్ టబ్బీగా పేరుపడ్డ ఆస్‌బోర్న్ రడక్ ఈ రెండో వైపును ఒక కళగా మార్చాడు. ఆయన చదివింది సంగీతం కాదు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టేవాడు. వాటర్‌హౌస్ అనే పేదల పేటలో ఇంట్లోనే పెట్టుకున్న గదిలో, నాలుగు ట్రాకుల టేపు ముందు కూర్చుని, పాటలోంచి గొంతు తీసేసేవాడు, గిటారు తీసేసేవాడు. డ్రమ్ము, బేసు మాత్రం నడుస్తూ ఉండగా ఒక్క పదం వచ్చి ప్రతిధ్వనిలో కరిగిపోయేది. మీటలే ఆయన వాద్యం. 1976లో అగస్టస్ పాబ్లో పేరుతో వచ్చిన ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ రికార్డులో ఆ పనితనం శిఖరం మీద ఉంది.

‘వర్షన్’ అన్న మాట మన దేశంలోనూ ఉంది, అర్థమే వేరు. 1980ల్లో క్యాసెట్ల జోరులో పాత సినిమా పాటలను వేరే గొంతులతో మళ్లీ పాడించి చవగ్గా అమ్మినవాటిని వర్షన్ పాటలన్నారు. అసలు గాయకుడి పేరు అట్ట మీద కొట్టొచ్చినట్టు ఉండేది. ఆయన పాడలేదన్న సంగతి చీమ తలంత అక్షరాల్లో ఉండేది. అప్పట్లో మోసపోయిన శ్రోత చాలామంది ఇళ్లలో ఒకరుంటారు. పాత పాట కొనేటప్పుడు చిన్న అక్షరాలు ముందు చదవాలన్నది అక్కడ నేర్చుకున్న పాఠమే.

ఇక సంకలనాలు. 1968లో లండన్‌లో ట్రోజన్ రికార్డ్స్ మొదలైంది. దాన్ని స్థాపించినవారిలో ముఖ్యుడు లీ గాప్తాల్. కింగ్‌స్టన్‌లో పుట్టిన భారత సంతతి మనిషి. 1845 నుంచి కూలి ఒప్పందాల మీద జమైకా చేరిన మనవాళ్ల ఛాయ రెగే చరిత్రలో ఇలా ఒక మూల కనిపిస్తుంది. ట్రోజన్ తక్కువ ధరకు ఎక్కువమందికి పాటలు అందించింది. ఆ తర్వాత 1993లో మాంచెస్టర్‌లో మొదలైన బ్లడ్ అండ్ ఫైర్ సంస్థ దారి వేరు. స్టీవ్ బారో వంటి పరిశోధకుల చేతుల్లో ఆ సంస్థ ప్రతి పాటకూ ఏ స్టూడియో, ఏ నిర్మాత, డ్రమ్ము ఎవరిది, బేసు ఎవరిది అని వెతికి రాసింది. అట్టను పుస్తకంలా తయారుచేసింది. 1996లో వాళ్లు తెచ్చిన ‘హార్ట్ ఆఫ్ ది కాంగోస్’ వింటే, పక్కనే రాసిన వివరం చదువుతూ ఉంటే, పాట రెండింతలు వినిపిస్తుంది. ఇంటి సంకలనానికి ఒరవడిగా పెట్టుకోదగ్గది ఈ రెండో దారి.

ఈ పనిలో వాళ్లకు ఎదురైన చిక్కు మనకూ ఉంది. టేపు ఖరీదైన సరుకు కాబట్టి కింగ్‌స్టన్‌లో పాత రికార్డింగు మీదే కొత్తది చేసేవారు. అసలు టేపు లేనప్పుడు అందరిలోకీ తక్కువ అరిగిన ప్లేటు వెతికి, దాన్నే అసలుగా తీసుకున్నారు. అంటే ఎవరో ఒక మామూలు మనిషి జాగ్రత్తగా దాచుకున్న ప్లేటే చివరికి ఆ పాటకు ఏకైక ఆధారం అయింది.

కొనే ముందు అట్ట చదవడం

పునర్ముద్రణ పేరుతో వచ్చే ప్రతి రికార్డూ మంచిది కాదు. బరువు 180 గ్రాములని గొప్పగా రాస్తారు; దానివల్ల ప్లేటు వంగకుండా నిలుస్తుందేమో గానీ పాట బాగుపడదు. చూడాల్సింది వేరే. దేని నుంచి తయారుచేశారో, అసలు టేపు నుంచా, పాత ప్లేటు నుంచా, ఎక్కడో దొరికిన డిజిటల్ ఫైలు నుంచా అన్నది రాసి ఉందా అని చూడాలి. రాయలేదంటే మూడోదే అనుకోవడం క్షేమం. ఒక వైపు ఎన్ని నిమిషాలున్నాయో కూడడం రెండో పని. బేసు ఎక్కువున్న సంగీతానికి గాడి వెడల్పుగా ఊగాలి. 12 అంగుళాల ప్లేటు మీద 18, 20 నిమిషాల వరకు బేసు నిండుగా ఉంటుంది. 25 దాటిస్తే చోటు చాలక దాన్ని తగ్గించి కోస్తారు. డబ్ ప్లేటుకు అది ఉప్పు లేని పప్పు. మోనోలో పుట్టిన పాటను సాగదీసి స్టీరియో అని అమ్మే అలవాటు మన కంపెనీలకూ ఉండేది, అలాంటివి వదిలేయాలి.

ప్లేటు మధ్యకు వచ్చేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. బయటి గాడి సెకనుకు అర మీటరు దాకా ముల్లు కింద నుంచి జారితే, లోపలి గాడి 20 సెంటీమీటర్లే జారుతుంది. అందుకే చివరి పాటలో ‘స’, ‘ష’ అక్షరాలు గీరుకుపోయినట్టు వినిపిస్తాయి. తెలిసిన సంకలనకర్త గట్టి పాటను ముందు, నెమ్మది పాటను చివర పెడతాడు.

ఇంట్లో పెట్టెలో ఏమున్నాయి

తెలుగు ఇంటి పెట్టెలో సాధారణంగా రెండు రకాల ప్లేట్లుంటాయి. చేతికి బరువుగా, కింద పడితే పెంకులా పగిలేది 78 వేగం ప్లేటు. వంగినా పగలనిది వినైల్. ఈ తేడా గుర్తుపట్టకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు.

78 ప్లేటులో అసలు పదార్థం లక్క. మోదుగు, రేగు, కుసుమ చెట్ల మీద పెరిగే లక్క పురుగు ఇచ్చిన జిగురులో రాతి పొడి, మసి కలిపి అచ్చువేసేవారు. చంద్రపూర్ చుట్టుపక్కల అడవుల్లో ఫాల్గుణంలో ఎర్రగా పూసే మోదుగు ఆ మూడింటిలో ఒకటి. ఆ కాలంలో ప్రపంచం పాటలు విన్నది ఎక్కువగా మన అడవి జిగురు మీదే. 10 అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. రంగస్థలం మీద పావుగంట రాగం తీసే నటుడు ఆ మూడు నిమిషాల్లో పద్యం ముగించాలి. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి ప్లేట్లు వినేటప్పుడు ఈ ఇరుకు గుర్తుంచుకోవాలి. రాగం తొందరపడుతున్నట్టు అనిపిస్తే దోషం గాయకుడిది కాదు. నాటకం మొత్తం వినాలంటే ప్లేట్ల కట్ట కొనాల్సి వచ్చేది. కట్టలో ఒక ప్లేటు పగిలితే కథలో ఒక రంగం పోయినట్టే.

లలిత గీతాలు కూడా ఈ ప్లేట్ల మీదే ఇంటింటికీ చేరాయి. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడినవి సినిమాతో సంబంధం లేకుండానే జనంలో నిలిచాయి. జాషువా, కరుణశ్రీ పద్యాలు బడి మెట్టు ఎక్కనివాళ్ల నోట పలకడానికి ఘంటసాల ప్లేట్లు ఒక కారణం.

వినైల్ కాలానికి వస్తే 12 అంగుళాల ప్లేటు (ఎల్పీ) నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది; 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో ఈ రూపంలోనే వచ్చింది. ఘంటసాల భగవద్గీత ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక విడుదలైంది. ఎంచిన శ్లోకాలు, వాటికి తెలుగు తాత్పర్యం. ‘దానవీరశూరకర్ణ’ మాటల ప్లేటు 1977 తర్వాత పందిళ్లలో మోగినంతగా పాటల ప్లేటు మోగలేదు. హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ ప్లేటు చీటీ మీద ఈసీఎల్‌పీ అని ఉంటే అది మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో. ముల్లు ఎంచుకోవడానికి ఈ నాలుగు అక్షరాలు పనికొస్తాయి.

ఎండ, దుమ్ము, నీళ్లు

చంద్రపూర్‌లో వేసవి 47, 48 డిగ్రీల దాకా పోతుంది. రేకుల కప్పు కింద అటక మీద వేడి ఇంకా ఎక్కువ. వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఏటవాలుగా ఆనించిన ప్లేటు ఒక్క మధ్యాహ్నంలో గిన్నెలా వంగిపోగలదు. వంగిన ప్లేటును ఎండలో పెట్టి రాయి మోపి సాపు చేయాలనే చిట్కా చాలామంది చెబుతారు. గాడి కరిగి పాట పోతుంది. ఆ పని చేయకూడదు.

ప్లేట్లు నిలువుగా, పుస్తకాల్లా, ఒకదానికొకటి ఆనేంత దగ్గరగా నిలబెట్టాలి. పడమటి గోడకు ఆనించిన బీరువా పనికిరాదు, ఇంటి మధ్య గోడ మంచిది. విదర్భ ఇళ్లలో వేసవికి కూలరు తప్పదు. దాని గాలి సూటిగా తగిలేచోట ప్లేట్లు పెడితే తేమకు అట్టలు బూజు పడతాయి. అట్టలో పాత ప్లాస్టిక్ తొడుగు ప్లేటుకు అతుక్కుని మచ్చ పడేస్తుంది కాబట్టి తీసేసి కాగితం తొడుగు వేయాలి. చెదలు తినేది అట్టనే అయినా, ఎవరు పాడారన్న వివరమంతా ఆ అట్ట మీదే ఉంటుంది.

బొగ్గు ఊరి దుమ్ము నల్లగా, గరుగ్గా ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే అది గాడిలో రాపిడి కాగితంలా పనిచేస్తుంది. ముందు మెత్తని కుంచెతో దులిపి, తర్వాత డిస్టిల్డ్ వాటరులో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటరుతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. బోరు నీళ్లు వాడితే ఆరాక ఉప్పు గాడిలో మిగిలిపోతుంది. మధ్యలోని చీటీ తడవకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక 78 ప్లేట్ల గురించి: లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగి పాలిష్ చేసేది ఆ గుణం వల్లే. శానిటైజరు, కొలోన్, స్పిరిట్ దూది, ఏదైనా సరే, ఒక్కసారి రాస్తే ఆ ప్లేటు అయిపోయినట్టే.

ముల్లు, వేగం

తాత కాలపు చేతితో తిప్పే గ్రామఫోను మీద పాత ప్లేటు వేయాలని అందరికీ ముచ్చటగా ఉంటుంది. దాని సౌండ్ బాక్సు బరువు వంద గ్రాములు దాటి గాడి మీద పడుతుంది, ఇనుప ముల్లు ప్రతి వైపుకూ మార్చాలి. ఏడాదికోసారి పండక్కి, పగిలినా పరవాలేదనుకున్న ప్లేటుతో సరదా తీర్చుకోవచ్చు. మిగతావాటికి ఇప్పటి టర్న్‌టేబులే దిక్కు. స్టీరియో ఎల్పీ గాడికి కొన వ్యాసార్ధం 18 మైక్రాన్లున్న ముల్లు, మోనో ఎల్పీకి 25, 78కి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్న ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున మురికిలో గీరుకుంటూ పోతుంది. వినేవాడు ప్లేటు అరిగిపోయిందని పారేస్తాడు. కబాడీకి పోయిన ప్లేట్లలో ఈ కారణంగా పోయినవి తక్కువ కావు.

వేగం కూడా సరిచూసుకోవాలి. 180 గీతలున్న చక్రాన్ని ప్లేటు మీద పెట్టి పాత ట్యూబులైటు కింద చూస్తే, 33⅓ వేగం సరిగ్గా ఉన్నప్పుడు గీతలు కదలనట్టు కనిపిస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది. లెక్క దాని నుంచి వచ్చింది. 78కి 77 గీతలు. ఎల్‌ఈడీ దీపాల కింద ఈ పద్ధతి చాలాసార్లు పనిచేయదు. 78 అని పేరే గానీ తొలినాటి ప్లేట్లు 70 నుంచి 82 దాకా రకరకాల వేగాల్లో తయారయ్యాయి. నాటక పద్యాల ప్లేట్లకు ఒక సులువుంది: వెనక హార్మోనియం ఉంటుంది. ఇంట్లో హార్మోనియం ఉంటే దాని మెట్లతో పోల్చి, శ్రుతి రెండు మెట్ల నడుమ పడుతుంటే వేగం కొద్దిగా సవరించుకోవచ్చు. గాయకుడి గొంతు చిన్నపిల్లాడిలా కీచుమంటే సవరణ ఎక్కువైందని అర్థం.

ఎంత శుభ్రం చేయాలి

ప్లేటును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా దాచాలి. నిమిషానికి సుమారు 35 ఎంబీ అవుతుంది. మూడు నిమిషాల 78 వైపుకు వంద ఎంబీ పైన, నలభై నిమిషాల ఎల్పీకి 1.4 జీబీ. ఆ ఫైలును ముట్టుకోకుండా రెండుచోట్ల ఉంచి, నకలు మీదే శుభ్రం చేసే పని చేయాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. 78 ప్లేటును స్టీరియో కార్ట్రిడ్జితో ఎక్కించి ఎడమ, కుడి ఛానెళ్లను ఒకటిగా కలిపితే, పాట చెక్కుచెదరకుండానే గరగర చాలా వరకు తగ్గుతుంది. ముందు చేయాల్సింది ఇది.

తర్వాత టప్‌మనే పెద్ద శబ్దాలను ఒక్కొక్కటిగా తీయవచ్చు. అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. గరగరనంతా ఒక్క మీటతో తీసేసే సదుపాయం ఉంది. దాన్ని సగం దాటి తిప్పితే గరగరతో పాటు గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు, హార్మోనియం బెలోస్ చప్పుడు, తాళం చివరి ఝంకారం పోతాయి. మిగిలేది నీళ్లలో ముంచి తీసినట్టుండే గొంతు. కింగ్ టబ్బీ ఎంత తీసేసినా డబ్ నిలబడడానికి కారణం, ఏది ఉంచాలో ఆయనకు ముందే తెలుసు: డ్రమ్ము, బేసు. పద్యానికి గొంతు, శ్రుతి ఉండాలి. సందేహం వస్తే గరగరను ఉండనివ్వడమే మేలు.

పన్నెండు పాటలు

పెట్టెలో వంద ప్లేట్లున్నా సంకలనానికి పన్నెండుకు మించి తీసుకోకూడదు. జమైకా సంకలనాల్లో మంచివి చాలావరకు ఒకే నిర్మాత, లేదా ఒకే స్టూడియో, లేదా నాలుగేళ్ల కాలం అని ఒక గిరి గీసుకున్నవే. ఇంటి సంకలనానికీ ఒక గిరి కావాలి: అమ్మమ్మ కొన్నవి, లేదా పెళ్లిపందిట్లో మోగినవి, లేదా పద్యాలు మాత్రమే. గిరి లేనిది గోదాము జాబితా అవుతుంది.

ఎంపిక ఒక్కరోజు పని కాదు. రోజుకు ఒక ప్లేటు, ఒక వైపు, ఫోను వేరే గదిలో పెట్టి వినాలి. మొదటిసారి గొంతు, రెండోసారి గొంతు వదిలేసి వెనక వాద్యాలు. డబ్ అలవాటైన చెవికి ఈ రెండో వినికిడి తేలిక. లేనివాళ్లకు వారం పడుతుంది. మూడోసారి ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. పాట మొదలైన పది సెకన్లకే, ఇది ఎవరి పెళ్లికి కొన్నారో, కరెంటు పోతే ఎలా ఆగిపోయిందో వాళ్లు చెప్పడం మొదలుపెడతారు. పాట ఆపి రాసుకోవాలి. పాట మళ్లీ వేసుకోవచ్చు.

పేర్లు

సంకలనంలో కష్టమైన భాగం ఇదే. చీటీ మీద ఉన్నది ఉన్నట్టు, స్పెల్లింగు తప్పులతో సహా రాసుకోవాలి. చీటీ చుట్టూ నున్నటి నల్లభాగంలో చేతితో చెక్కిన అంకెలుంటాయి, వాటిని కూడా. చీటీ చిరిగిపోయినా ఆ అంకె వల్ల రికార్డింగును పోల్చుకోవచ్చు.

చీటీ అబద్ధం చెప్పకపోయినా నిజమంతా చెప్పదు. 1957 నాటి ‘మాయాబజార్’కు సంగీత దర్శకుడు ఘంటసాల, అయితే అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి వెళ్లినవని సినీ చరిత్ర తెలిసినవాళ్లు నమోదు చేశారు. జమైకాలో ఈ గందరగోళం ఇంకా పెద్దది. స్టూడియో వన్‌లో 1967లో పుట్టిన ‘రియల్ రాక్’ లయ మీద ఆ తర్వాత వందల పాటలు వచ్చాయి. అసలు వాయించినవాళ్ల పేర్లు వాటిలో ఎన్నింటి మీదనో లేవు. పరిశోధకులు వాయిద్యకారుల ఇళ్లకు వెళ్లి అడిగి రాశారు. వాద్యకారుల పేర్లు వేయని అలవాటు తెలుగు ప్లేట్లదీ. ఫిడేలు ఎవరిదో, తబలా ఎవరిదో తెలిసిన మనుషులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కించేంతమంది.

1902లో గ్రామఫోన్ కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు, పాట చివర ఆవిడ తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్లకు ఏ మైనం మీద ఎవరి గొంతుందో తెలియడానికి ఆ ఏర్పాటు. ఇంటి సంకలనానికీ ఈ పద్ధతి బాగుంటుంది: ప్రతి పాట తర్వాత ఇంట్లో ఒకరి గొంతుతో గాయకుడి పేరు, ప్లేటు ఏ ఇంటిదో చెప్పించి రికార్డు చేయాలి. బాబుపేట్‌లో ఇది మరీ అవసరం. మరాఠీ బడిలో చదివిన పిల్లలకు చాలా ఇళ్లలో తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. అట్ట మీది వివరం తెలుగులో ఒకసారి, దేవనాగరిలో ఒకసారి రాస్తేనే వాళ్లకు అందుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. రచన మీద, బాణీ మీద హక్కు కర్త మరణానంతరం 60 ఏళ్లు. ఇంట్లో వినడానికి నకలు తీసుకోవడం వేరు, అచ్చువేసి అమ్మడం వేరు. అమ్మాలనుకుంటే రెండు హక్కులూ చూసుకోవాలి.

పనికి తగిన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. తేమ తక్కువ, ప్లేటు గట్టిగా ఉంటుంది. హోలీ దాటితే అటక వేడెక్కుతుంది. ఇంట్లో ప్లేట్ల పెట్టె ఉన్నవాళ్లు సంకలనం సంగతి తర్వాత చూసుకున్నా, ఈ ఏడు మోదుగు పూత రాకముందే దాన్ని కిందికి దించి పెట్టాలి.